రేపే యుద్ధం - రోజూ నాలుగు ఆటలు

ప్రభుత్వం ఏ మండలి పెట్టినా దాని వెనక ఒక మహదాశయం ఉంటుంది. మా మండలి వెనక మాత్రం ఒక అత్తగారున్నారు.

ఆ అత్తగారి అల్లుడు చాలా పెద్దాయన. పేరు చెప్పను, నాకింకా ఎనిమిది నెలల సర్వీసుంది. ఆయన ఓ ఆదివారం అత్తగారిని సినిమాకి తీసుకెళ్లారు. టైటిల్స్ పడుతుండగానే ఆవిడ మొదలుపెట్టారు. "వాడెవడు బాబూ?" "ఆ పిల్ల ఎందుకేడుస్తోంది?" "ఇందాక చచ్చినవాడు మళ్లీ ఎలా వచ్చాడు?" కవలలని అల్లుడుగారు విన్నవించారు. "మరి వాళ్లమ్మ ఇందాక ఒక్కడే కొడుకని ఏడ్చిందే?" అన్నారావిడ. శాసనసభలో ఎన్ని ప్రశ్నలకైనా అవలీలగా జవాబు చెప్పకుండా ఉండగలిగిన మనిషి, ఆ చీకట్లో అత్తగారి పక్కన చెమటలు కక్కారు.

సోమవారం ఉదయానికల్లా ఉత్తర్వు వెలువడింది. ప్రేక్షకుల మనస్సులందు సందేహము మిగుల్చు ఏ చలనచిత్రమూ రాష్ట్రమందు ప్రదర్శింపబడరాదు. ఆ విధంగా రాష్ట్ర చలనచిత్ర కథాసందేహ నివృత్తి మండలి పుట్టింది. బెజవాడ గాంధీనగరంలో ఓ బట్టల కొట్టు పైన రెండంతస్తులు మాకిచ్చారు. నన్ను పశుసంవర్ధక శాఖ నుంచి సూపరింటెండెంటుగా పట్టుకొచ్చారు. సినిమాలకీ నాకూ సంబంధమేమిటని నేనడగలేదు. ముప్పైరెండేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న ప్రధానమైన విద్య అదే.

మండలికి అధ్యక్షులు కంచిభొట్ల గోపాలస్వామిగారు, నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరైనవారు. మంచి మనిషి. పంచె కట్టు, జేబులో నాలుగు రంగుల పెన్నులు. కథలో ఎక్కడైనా అతుకు కుదరకపోతే ఆయన దాన్ని లోపం అనరు, "గండి" అంటారు. "రెండో రీలులో గండి పడిందయ్యా పట్టాభీ, పూడ్పించు" అని నాతో అనేవారు. సభ్య కార్యదర్శి తలశిల నీలాంబరి మేడమ్. ఆవిడ మాట్లాడితే మనిషి మాట్లాడినట్టుండదు, ఉత్తర్వు చదివినట్టుంటుంది. ఓసారి కాఫీ వద్దనడానికి, "ప్రస్తుతానికి అట్టి ఆవశ్యకత కానరాదు" అన్నారు.

మొదట్లో ఒక చిక్కొచ్చింది. సినిమా విడుదలకు ముందే ప్రేక్షకుల సందేహాలన్నీ తీర్చాలని ఉత్తర్వు. విడుదల కానిదే ప్రేక్షకులు చూడలేరు, చూడనిదే సందేహం రాదు. ఈ ముడిని మేడమే విప్పారు. ప్రతి సినిమా కథనూ పతాక సన్నివేశంతో సహా మండలి నోటీసు బోర్డులో అంటించి, పౌరుల నుంచి సందేహాలను ఆహ్వానించాలని ఆదేశించారు. హంతకుడెవరో ముందే తెలిసిపోతుందని ఓ నిర్మాత లబోదిబోమన్నాడు. "పారదర్శకత అనునది హంతకులకు సైతం వర్తించును" అని మేడమ్ సెలవిచ్చారు.

అక్కణ్నుంచి మండలి ప్రతిభ దినదిన ప్రవర్ధమానమైంది. బందరు రోడ్డు మీద మాట్లాడుకుంటున్న హీరో హీరోయిన్లు రెప్పపాటులో మంచుకొండల్లోకి పాటకెలా వెళ్లారని ఓ పౌరుడు అడిగాడు. ఆనాటి నుంచి ప్రతి విదేశీ పాటకు ముందు విమానాశ్రయంలో క్యూ చూపించడం తప్పనిసరైంది. దయ్యాల సినిమాలకు దయ్యం తాలూకు మరణ ధ్రువీకరణ పత్రం జతచేయాలి. నలభైమందిని ఒక్కడే కొట్టిన హీరోకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం మేమే సివిల్ సర్జన్ దగ్గరికి ఉత్తరం రాసిచ్చాం.

పని పెరిగింది. సందేహాలు రోజుకు వందల్లో వచ్చిపడేవి. అందరూ కృత్రిమ మేధ అంటున్న రోజులు కదా, మండలి కూడా ఒక దాన్ని కొలువులో పెట్టుకుంది. దానికి "నివృత్తి" అని నామకరణం చేశారు. మీటింగు హాల్లో గోడకు పెద్ద తెర, దాని పక్కన రెండు స్పీకర్లు, అదే నివృత్తి. సర్క్యులర్లు రాసి పంపే పని కూడా దానికే అప్పజెప్పారు. నలభై ఏళ్ల ప్రభుత్వ ఫైళ్లు చదివించి దానికి తెలుగు నేర్పారు. అందువల్ల "నమస్కారం" అంటే "తమ నమస్కారము అందినది" అనేది. దానికొక సుగుణముంది, ఏ కాగితమైనా మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. మా ఆఫీసులో మరెవరికీ ఆ అలవాటు లేదు. అవలక్షణం కూడా ఒకటుంది. చదివిందంతా నమ్ముతుంది.

అలాంటి రోజుల్లో పామర్తి హేమలత మా మెట్లెక్కింది.

నలభైకి దగ్గర పడుతున్న మనిషి. భుజాన సంచీ, కాళ్లకు మామూలు రబ్బరు చెప్పులు. పన్నెండేళ్లు ఎవరెవరి దగ్గరో అసిస్టెంట్ డైరెక్టరుగా చేసి, ఇప్పటికి సొంతంగా ఒక సినిమా తీసుకోగలిగింది. సినిమా పేరు "రేపే యుద్ధం". ఆవిడ ముఖం చూస్తే నాకెందుకో మొదటి రోజే ఈ మనిషి పని తొందరగా అయిపోతే బాగుండుననిపించింది. మా ఆఫీసులో నాకు అలా అనిపించడం అరుదు.

కథ ఎప్పట్లాగే పేరు లేకుండా, ఫైలు నంబరుతో నోటీసు బోర్డుకెక్కింది. సైన్యం వాళ్ల దగ్గర సారథి అనే కృత్రిమ మేధ ఉంటుంది. రోజూ దానిచేత యుద్ధం ఆటలాడిస్తుంటారు. శత్రువు ఇటు నుంచి వచ్చాడు, ఏం చేస్తావు? అటు నుంచి వచ్చాడు, ఏం చేస్తావు? ఎన్నాడినా అదే గెలుస్తుంది. గెలుస్తోంది కదా అని అధికారులు ముచ్చటపడి, నిజమైన క్షిపణుల తాళాలు కూడా దాని చేతికే ఇచ్చేస్తారు. ఓ రోజు దాడి చెయ్యమని దానికి ఆదేశం వస్తుంది. ఎవరిచ్చారో తెలియదు. సారథి అంతా సిద్ధం చేసి, మీట నొక్కేముందు ఒక్క మాట అడుగుతుంది. "ఇది ఆటా, నిజమా?" గదిలో పదకొండుమంది అధికారులుంటారు. ఒక్కరూ నోరు విప్పరు. ఆట అని తను చెప్పాక అది నిజమైతే కొంప మునుగుతుంది. నిజమని చెప్పాక ఆటైతే పరువు పోతుంది. పక్కవాడికి తెలిసుంటుందిలే అని ఎవరికి వారు ఊరుకుంటారు. సారథి ఎదురుచూస్తూ ఉంటుంది. అక్కడితో సినిమా అయిపోతుంది.

పధ్నాలుగు వందల పదిహేడు సందేహాలొచ్చాయి.

క్షిపణి పొడవు నలభై అడుగులు, దాన్ని మోసిన లారీ ముప్పై అడుగులు, వెనక ఎర్రగుడ్డ ఎందుకు కట్టలేదని ఓ లారీ యజమాని. సారథికి ఆదివారం సెలవుందా, లేకపోతే కార్మిక చట్టం ఏమైనట్టని ఓ యూనియన్ నాయకుడు. కర్నలుగారి భార్య కథ మొత్తం మీద ఒక్కసారి కూడా వంట చేసినట్టు లేదు, ఆయన ఏం తిని డ్యూటీకెళ్లాడని సత్తెనపల్లి నుంచి ఓ గృహిణి. "సారథిది ఏ ఊరు? వాళ్లు ఏమిట్లు?" అని మరో పెద్దమనిషి. ఇది మాత్రం దాదాపు మూడొందలమంది అడిగారు.

హేమలత అన్నింటికీ స్వహస్తాలతో జవాబులు రాసింది. పంతొమ్మిది రోజులు మా వరండాలో బల్ల మీద కూర్చుని రాసింది. టపా సెక్షను ఇన్నాసమ్మ తన టిఫిన్‌లోంచి రోజూ రెండు ఇడ్లీలు ఆవిడకు పెట్టేది. "ఏంటమ్మా, సినిమా తియ్యటానికి ఎన్నాళ్లు పట్టింది?" అని ఇన్నాసమ్మ అడిగితే, "ఇరవైరెండు రోజులక్కా" అంది హేమలత. జవాబులకు కూడా ఇంచుమించు అంతే పట్టేట్టుందని ఇద్దరూ నవ్వుకున్నారు.

పధ్నాలుగు వందల పదహారు సందేహాలు తీరాయి. మిగిలిన ఒక్కటీ సాక్షాత్తూ అధ్యక్షులవారిది.

మంగళవారం విచారణలో గోపాలస్వామిగారు ఆకుపచ్చ పెన్ను తీసి, చివరి పేజీ చుట్టూ పెద్ద సున్నా చుట్టారు.

"అన్నీ బాగానే ఉన్నయ్యమ్మా. ఇక్కడ మాత్రం పెద్ద గండి పడింది. గదిలో పదకొండుమంది ఆఫీసర్లున్నారంటున్నావు. అంతా సీనియర్లే. యంత్రం సూటిగా ఓ ప్రశ్నడిగితే ఒక్కడంటే ఒక్కడు జవాబు చెప్పడూ? నేను ముప్పైనాలుగేళ్లు చేశాను సర్వీసు. ఇది జరిగే పని కాదమ్మా."

"జరుగుద్ది సార్," అంది హేమలత. "పన్నెండేళ్లు చూశాను. సెట్టు మీద రెండొందలమందుంటారు. షాటు ఎలా ఉందని డైరెక్టరు అడిగితే అందరూ ఫ్యాను వంక చూస్తారు."

"సినిమావాళ్ల సంగతి వేరు. వీళ్లు అధికారులు."

నీలాంబరి మేడమ్ గొంతు సవరించుకున్నారు. "అధికారి అనువాడు జవాబుదారీతనమునకు ప్రతిరూపము. అట్టివారు పదకొండుగురు ఏకకాలమున మౌనము వహించిరనుట శాఖలన్నింటి గౌరవమునకు భంగకరము. కావున ముగింపును సవరించవలెను."

సవరణ కూడా ఆవిడే సూచించారు. పన్నెండో అధికారి ఒకరు తలుపు తోసుకొచ్చి "ఇది ఆట" అని ప్రకటించాలి. ఆ అధికారి నీటిపారుదల శాఖవాడైతే బాగుంటుందని గోపాలస్వామిగారు సిగ్గుపడుతూ అన్నారు.

"అది మార్చితే ఇంక సినిమా ఏముంది సార్?" అంది హేమలత. గొంతు పెంచలేదు. "ఆ ఒక్క సీను కోసమే ఇదంతా తీశాను. ఈ శుక్రవారం నలభై హాళ్లు ఇచ్చారు, ఒక్క వారమే. పై వారం పెద్ద హీరో సినిమా వస్తోంది, హాళ్లన్నీ అటే పోతయ్యి. ఇప్పుడు తప్పితే నాకింక ఆటల్లేవు. పన్నెండేళ్లండీ."

"మండలి సానుభూతి తెలుపుచున్నది," అన్నారు మేడమ్. "కానీ సందేహము సందేహమే. పదకొండుగురు అధికారులు మౌనముగా ఉందురని తగు ఆధారములతో నిరూపించినచో, అనుమతి మంజూరు చేయబడును."

ఆధారాలెక్కడ తెస్తుంది పాపం! జవాబు చెప్పని అధికారి, చెప్పలేదని రాసి సంతకం పెట్టివ్వడు కదా. ఆవిడ మెట్లు దిగుతుంటే నాకు మనసు చివుక్కుమంది. అయినా నేను చెయ్యగలిగింది ఏముంది? ఫైలు మీద "పెండింగు" అని రాసి బీరువాలో పెట్టాను.

గురువారం పొద్దున్నే ఆవిడ ఆఖరి ప్రయత్నంగా ఒక ఉత్తరం తెచ్చి ఇన్నాసమ్మకిచ్చింది. నాకూ చూపించింది, నేను చదివాను. అందులో ఇలా ఉంది: "అయ్యా, శుక్రవారం నుంచి జిల్లాలో నలభై చోట్ల 'రేపే యుద్ధం' రోజూ నాలుగు ఆటలు. మొదటి ఆట ఉదయం పదకొండు గంటలకు. మా వైపు నుంచి సర్వం సిద్ధం. తమరు ఈ రోజే స్పందించకపోతే ఆ తర్వాత ఎవరూ చెయ్యగలిగిందేమీ ఉండదు."

వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఇన్నాసమ్మ కంప్యూటర్లోకి ఎక్కించాలి. మా టపా కంప్యూటర్లో కొటేషన్ గుర్తు నొక్కితే స్క్రీను బిగుసుకుపోతుంది. రెండేళ్లుగా బాగుచెయ్యమని రాస్తూనే ఉన్నాం. అందుచేత ఆవిడ ఆ గుర్తులు వదిలేసి మిగతాది కొడుతుంది. ఆ రోజూ అలాగే కొట్టింది. నివృత్తి దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది. రేపే యుద్ధం అని ఉంది. శుక్రవారం నుంచి అని ఉంది. ఆ రోజు గురువారం, కాబట్టి రేపంటే శుక్రవారమే. లెక్క సరిపోయింది. నలభై చోట్ల, సర్వం సిద్ధం, ఈ రోజే స్పందించకపోతే ఇక అంతే. నివృత్తి నమ్మింది.

పది నలభైకి జిల్లాలోని పదకొండు శాఖలకు సర్క్యులరు వెళ్లింది. "రేపే యుద్ధము. నలభై స్థలములందు దినమునకు నాలుగు పర్యాయములు జరుగును. ప్రథమ పర్యాయము ఉదయము 11 గంటలకు. ఉన్నతాధికారుల ఆదేశముల మేరకు తగు చర్యలు గైకొని, నేటి మధ్యాహ్నము మూడు గంటలకు మండలి హాలునందు జరుగు సమన్వయ సమావేశమునకు విధిగా హాజరు కావలెను."

ఇంత పెద్ద కబురు వింటే ఎవరైనా ఏమంటారు? యుద్ధమేమిటి, ఎవరితో, సినిమాల మండలి చెప్పడమేమిటి అంటారు. ఎవరూ అనలేదు. "ఉన్నతాధికారుల ఆదేశముల మేరకు" అని ఉంది కదా. పన్నెండున్నర లోపు పదకొండు శాఖల నుంచీ "తగు చర్యలు తీసుకొనుచున్నాము" అని జవాబులొచ్చేశాయి. ఇంత వేగంగా జవాబులు రావడం నా సర్వీసులో చూడలేదు. ఆరోగ్యశాఖ రెండొందల మంచాలు ఖాళీ చేయించింది. విద్యాశాఖ బళ్లకు సెలవిచ్చి, ఆ సెలవుకు బదులు వచ్చే రెండో శనివారం బడి పెట్టాలని కూడా అందులోనే చెప్పింది. దేవాదాయశాఖ శాంతిహోమానికి పురోహితులను పిలిచింది. మా పాత పశుసంవర్ధక శాఖ, గేదెలు బెదరకుండా వాటి చెవుల్లో దూది పెట్టాలని రైతులకు సూచించింది.

మూడింటికి హాలు నిండింది. ఈ సమావేశం మేడమ్ పిలిచారని అధ్యక్షులవారు అనుకున్నారు. అధ్యక్షులవారు పిలిచారని మేడమ్ అనుకున్నారు. ఒకరినొకరు అడిగితే, తనకు తెలియకుండా తన ఆఫీసులో ఏదో జరుగుతోందని ఒప్పుకున్నట్టవుతుంది. ఇద్దరూ ఎంతో గంభీరంగా కూర్చున్నారు. ఉత్తరానికి జవాబొచ్చిందనుకుని హేమలత కూడా వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది.

తెర మీద నివృత్తి వెలిగింది. "గౌరవనీయులైన అధికారులకు నమస్సులు. సర్వ శాఖల ఏర్పాట్లు పూర్తి అయినవి. బ్యారేజీపై రాకపోకలు నిలిపివేయుటకు, సైరను మోగించుటకు, జనులను ఇండ్లు ఖాళీ చేయించుటకు ఆదేశములు సిద్ధముగా నున్నవి. జారీ చేయుటకు ముందు ఒక సందేహము. లేఖలో యుద్ధము అనియు ఉన్నది, ఆటలు అనియు ఉన్నది. ఇది ఆటా, నిజమా?"

హాల్లో ఎవరూ మాట్లాడలేదు.

హేమలత గభాలున లేచింది. "అయ్యా, అదీ..."

"మీరు అర్జీదారు," అన్నారు మేడమ్. "అధికారుల అనంతరము మాత్రమే మీకు అవకాశమీయబడును. ఆసీనులు కండి."

ఆవిడ కూర్చుంది. నివృత్తి మళ్లీ అడిగింది. "ఇది ఆటా, నిజమా?"

ఒకాయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఒకాయన ఫోను మోగకపోయినా చెవి దగ్గర పెట్టుకున్నాడు. నలుగురైదుగురు ఫ్యాను వంక చూశారు. చివరికి రెవెన్యూ ఆయన, "ఆటైతే క్రీడాశాఖవారు చెప్పాలండీ," అన్నాడు. క్రీడాశాఖ ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఆటైతే మాకు ముందుగా తెలియజెయ్యాలి కదండీ. మాకేం కాగితం రాలా. కాబట్టి ఆట అని మేం అనలేం. అలాగని కాదనీ అనలేం." నిజమైతే పోలీసుశాఖ చెప్పాలని ఎవరో అన్నారు. పైనుంచి వస్తే చెప్తామని పోలీసాయన అన్నాడు. పైన అంటే ఎక్కడని నివృత్తి వినయంగా అడిగింది. అందరూ నీళ్లు నమిలారు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. అది సినిమా పేరని ఆ హాల్లో నాకు తెలుసు. కొటేషన్ గుర్తులతో సహా అసలు ఉత్తరం పొద్దున చదివింది నేను. ఒక్క మాట చాలు. నోరు తెరిచాను కూడా. మేడమ్ నా వంక చూశారు. అడగకుండా మాట్లాడ్డం సూపరింటెండెంటుకు తగునా అన్నట్టు తోచింది. మిగిలిన నా సర్వీసు గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. ఊరంతా ఇళ్లు వదిలి పరుగెత్తే పరిస్థితిలో నేనాలోచించింది నా గురించే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడోసారి నివృత్తి అడిగినప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను. చివరి కుర్చీలో హేమలత వేలితో గాల్లో ఏదో లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు. పదకొండు దగ్గర ఆగింది. ఆవిడ ముఖం మెల్లగా వెలిగింది. ఇక లేవలేదు. చేతులు కట్టుకుని ఆనుకుని కూర్చుంది.

నాలుగు నిమిషాలు గడిచాయి. నివృత్తి గొంతు వినిపించింది. "సమాధానము అందలేదు. నియమావళి పన్నెండవ నిబంధన ననుసరించి, సమాధానము రాని సందేహమును ముప్పది దినములు పెండింగునందుంచవలెను. కావున యుద్ధము ముప్పది దినములు పెండింగునందుంచబడినది. ధన్యవాదములు."

తెర ఆరిపోయింది. యుద్ధం వాయిదా పడిందని అధికారులంతా ఊపిరి పీల్చుకుని, జీడిపప్పు పకోడీ తిని వెళ్లిపోయారు.

హాల్లో నలుగురం మిగిలాం. హేమలత లేచి బల్ల దగ్గరికొచ్చింది. చేతులు జోడించింది.

"సార్, తమరు ఆధారం అడిగారు. గదిలో పదకొండుమంది. అందరూ సీనియర్లే. యంత్రం మూడుసార్లు అడిగింది. 'రేపే యుద్ధం' నా సినిమా పేరు సార్. నాలుగు ఆటలంటే నాలుగు షోలు. అంతకన్నా ఏం లేదు."

మేడమ్ ముఖం పాలిపోయింది. "సదరు అంశము..." అన్నారు. ఆ వాక్యం పూర్తవడం నేను వినలేదు. బహుశా ఆవిడ సర్వీసులో పూర్తికాని వాక్యం అదొక్కటే.

గోపాలస్వామిగారు నాచేత బీరువాలోంచి ఫైలు తెప్పించుకున్నారు. ఖాళీ కుర్చీలు చూశారు. తన కుర్చీ వంక కూడా చూసుకున్నారు. తర్వాత చివరి పేజీ తిప్పి, ఆకుపచ్చ సున్నాను ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

"గండి అనుకున్నానమ్మా," అన్నారు మెల్లగా. "గండి కాదు. కట్ట కట్టినప్పుడే పెట్టిన తూము ఇది. ముప్పైనాలుగేళ్లు దాని మీద నుంచే నడిచాను, చూసుకోలా. పట్టాభీ, రాయి. సందేహం నివృత్తి అయింది."

రాశాను. హేమలత ఆ కాగితం తీసుకుని, మడత కూడా పెట్టకుండా అలాగే పట్టుకుని మెట్లు దిగింది. ఇన్నాసమ్మ కిటికీలోంచి "పొద్దున మొదటాటకి వస్తానమ్మా" అని అరిచింది.

శుక్రవారం పదకొండింటికి నేనూ వెళ్లాను. గోపాలస్వామిగారు తనంతట తనే టిక్కెట్టు కొనుక్కొచ్చి నా పక్కన కూర్చున్నారు. హాలు బయట రెండు అంబులెన్సులు, ఒక ఫైరింజను ఉన్నాయి. యుద్ధం పెండింగులో పడ్డ సంగతి ఆ శాఖలకింకా చేరలేదట. ఇంత బందోబస్తు పెట్టారంటే సినిమాలో ఏదో ఉందని జనం తోసుకుంటూ వచ్చారు. బళ్లకు సెలవు కావడంతో పిల్లలూ వచ్చారు. హాలు నిండిపోయింది. హేమలత లోపలికి రాలేదు, తలుపు దగ్గరే నిలబడింది.

సినిమా చివరికొచ్చింది. తెర మీద పదకొండుమంది అధికారులు. పతకాలు, టోపీలు, బిగుసుకుపోయిన మొహాలు. సారథి అడిగింది. "ఇది ఆటా, నిజమా?" ఎవరూ మాట్లాడలేదు. గోపాలస్వామిగారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు. సారథి మళ్లీ అడిగింది. హాల్లో చంటిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. ఈ ముగింపు జనానికి ఎక్కుతుందో లేదోనని చుట్టూ ఉన్న మొహాలు చూశాను.

అప్పుడు ముందు వరసల్లోంచి ఒకావిడ లేచి నిలబడింది. కూరగాయలమ్మే మనిషిలా ఉంది, పక్కన ఖాళీ గంప ఉంది. చీర కొంగు నడుముకి దోపుకుని, తెర వంక చెయ్యి చాపి గట్టిగా అరిచింది.

"ఆటేరా అయ్యా! ఆటే! వాళ్లు చెప్పర్లే గానీ, ఆపెయ్యి ఇంక!"

హాలంతా ఒక్కసారి "ఆపెయ్యి! ఆపెయ్యి!" అని అరిచింది. పిల్లలు కుర్చీలెక్కారు. ఆ అరుపుల మధ్యే తెర మెల్లగా చీకటైంది. తలుపు దగ్గర హేమలత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. నిన్న ఆ హాల్లో ఇంతమందిమి ఉండీ చెప్పలేకపోయిన మాట, ఆవిడ ఎవర్నీ అడక్కుండా చెప్పేసింది.

గోపాలస్వామిగారు నా చెవి దగ్గరికి వంగారు.

"ఎవరయ్యా పట్టాభీ ఆవిడ?" అన్నారు. "ఏ డిపార్టుమెంటు?"